చేతిలో థర్మామీటరు, జేబులో టెస్టర్ – వాటి మాట ఎంతవరకు నమ్మాలి?



ఈ నెల ఆరోగ్య పాఠం చేతిలో పట్టుకొని వాడే చిన్న పరికరాలను గురించినది. వేడిని కొలిచేవి కొన్ని, కరెంటును పరీక్షించేవి కొన్ని. ఒకప్పుడు థర్మామీటరు నర్సు చేతిలోను, టెస్టర్ ఎలక్ట్రీషియన్ జేబులోను మాత్రమే ఉండేవి. ఇప్పుడు ఈ రెండూ దాదాపు ప్రతి ఇంట్లోను, షాపులోను, హాస్టల్లోను ఉన్నాయి. 2020లో కరోనా వచ్చిన తరువాత నుదుటికి గురిపెట్టే గన్ను కూడా చర్చి గుమ్మం దాకా వచ్చింది. వస్తువు ఇంట్లో ఉంది గాని, అది చెప్పే మాటను సరిగా వినడం చాలామందికి తెలియడం లేదు. వార్డుల్లో ప్రతి వారం చూస్తున్నాం కాబట్టి రాస్తున్నాను.

పేతురు అత్తగారి జ్వరం సంగతి మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. అది మామూలు జ్వరం కాదు, తీవ్రమైనదని రాసినవాడు మాత్రం లూకా ఒక్కడే. ఆయన వైద్యుడు. ఎంత జ్వరం అనే ప్రశ్న వైద్యుడికే ముందు తోస్తుంది. ఆ రోజుల్లో చెయ్యి పెట్టి చూడటమే గాని కొలత లేదు. 1868లో జర్మనీ దేశపు వైద్యుడు వుండర్‌లిష్ వేలాది రోగుల వేడిని కొలిచి గ్రంథం ప్రచురించాడు. మనం నేటికీ చెప్పుకునే 98.6 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 37 డిగ్రీల సెంటీగ్రేడ్, ఆయన వల్ల స్థిరపడిన అంకె. అప్పటి థర్మామీటరు అడుగు పొడవు ఉండేది. 1860లలోనే ఇంగ్లండులో ఆల్బట్ అనే వైద్యుడు దాన్ని ఆరు అంగుళాలకు తగ్గించాడు. అప్పటి నుండి అది జేబులోకి వచ్చింది.

పాదరసం థర్మామీటరు

మా తరం నర్సులు దీనితోనే పని నేర్చుకున్నాం. విదిలించి 95 కన్నా కిందికి దించడం, చంకలో పెట్టి ఐదు నిమిషాలు కదలకుండా ఉంచడం, కంటికి సమానంగా పట్టుకొని చదవడం, ఇదే పద్ధతి. కాని పాదరసం విషం. 2013లో దేశాలన్నీ కలిసి మినమాటా ఒప్పందం చేసుకున్నాయి, 2018లో మన దేశం అందులో చేరింది. పాదరసం ఉన్న వైద్య పరికరాలను తీసివేయాలన్నది అందులో ఒక భాగం. అందుచేత ఇంకా మీ ఇంట్లో పాత గాజు థర్మామీటరు ఉంటే, అది పగలకుండానే పక్కన పెట్టి డిజిటల్‌ది కొనుక్కోండి.

పగిలితే ఏం చేయాలి? పిల్లలను గదిలోనుండి బయటికి పంపండి. కిటికీలు తెరవండి, ఫ్యాను ఆపండి. చీపురుతో ఊడ్చకూడదు, ఊడిస్తే గుండ్లు ఇంకా చిన్నవై మూలమూలలకు పోతాయి. రెండు గట్టి అట్టముక్కలతో మెల్లగా ఒకచోటికి తోసి, మిగిలిన చిన్న చుక్కలను జిగురు టేపుతో అద్ది, అన్నిటినీ మూత గట్టిగా పట్టే సీసాలో వేయండి. సింకులో గాని కాలువలో గాని పారబోయవద్దు. పొయ్యిలో అసలు వేయవద్దు. వెండిలా మెరుస్తుంది గనుక పిల్లలు అరచేతిలో వేసుకొని ఆడుకుంటారు, కొందరు తండ్రులు కూడా. అది ఆట వస్తువు కాదు.

డిజిటల్ థర్మామీటరు

దీని మొనలో వేడికి స్పందించే చిన్న భాగం ఉంటుంది. వేడి పెరగడం ఆగిందని దానికి తోచినప్పుడు కూత పెడుతుంది. చంకలో తడి ఉన్నా, మొన చొక్కాకు తగిలినా, చెయ్యి వదులుగా ఉన్నా అది తక్కువ చూపించి తొందరగా కూస్తుంది. చంక తుడిచి, మొనను లోపలికి పెట్టి, చెయ్యి ఒంటికి అదిమి పట్టండి. చంకలో చూసిన అంకె నోటిలో చూసినదానికంటే సుమారు అర డిగ్రీ నుండి ఒక డిగ్రీ ఫారన్‌హీట్ తక్కువ ఉంటుంది. డాక్టరుగారికి చెప్పేటప్పుడు ఎక్కడ పెట్టి చూశారో కూడా చెప్పండి. ఉన్నదానికి ఒక డిగ్రీ మీరే కలిపి చెప్పడం వద్దు. కొందరు కలుపుతారు, తరువాత మేము మళ్లీ కలుపుతాం. టీ గాని చల్లని నీళ్లు గాని తాగిన వెంటనే నోట్లో చూడవద్దు, పావుగంట ఆగాలి.

ఎక్కువ గందరగోళం మాత్రం అంకెలోనే. డిజిటల్ థర్మామీటర్లలో చాలావాటికి ఫారన్‌హీట్, సెంటీగ్రేడ్ రెండూ ఉంటాయి. బటన్ ఎక్కువసేపు నొక్కితే ఒకటి రెండోదిగా మారిపోతుంది. ఇంట్లో అందరికీ 100, 101 అలవాటు. ఒకరోజు అది 39 చూపిస్తే "జ్వరమేమీ లేదమ్మా, ముప్పై తొమ్మిదే" అని పిల్లవాడిని పడుకోబెట్టేవారు ఉన్నారు. 39 అంటే 102.2. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి థర్మామీటరు డబ్బాలో పెట్టుకోండి: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104. వీటిలో 38, అంటే 100.4, దాటితే జ్వరం అని లెక్క. మూడు నెలలలోపు పసిబిడ్డకు ఆ అంకె కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు, ఇంట్లో మందు వేసి చూద్దామనుకోవద్దు, అర్ధరాత్రి అయినా తీసుకురండి. అంత చిన్న బిడ్డలో జ్వరం తప్ప వేరే గుర్తు లేకుండానే రక్తానికి, మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు.

పసిబిడ్డల విషయంలో తక్కువ అంకె కూడా అంతే భయపెట్టాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు చంకలో 97.7 నుండి 99.5 వరకు ఉండాలి. అంతకు తగ్గితే బిడ్డ చల్లబడుతున్నట్టు. పాత గాజు థర్మామీటరు మీద గీతలు 94, 95 దగ్గర మొదలవుతాయి, అందుచేత బిడ్డ అంతకన్నా చల్లగా ఉన్నా అది 94 దగ్గరే నిలిచి కనబడుతుంది. డిజిటల్‌లో కొలతకు అందనంత తక్కువైతే అంకెకు బదులు అక్షరం కనబడుతుంది. పరికరం పాడైందనుకొని పక్కన పెట్టేయకండి. బిడ్డ పాదాలు, పొట్ట తాకి చూడండి. రెండూ చల్లగా ఉంటే వెంటనే తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, తలకు టోపీ వేసి, పైన దుప్పటి కప్పి, అలాగే ఆసుపత్రికి బయలుదేరండి. చలికాలంలో పుట్టిన తక్కువ బరువు బిడ్డలకు ఇది ప్రాణంతో సమానం.

ఇంకొక సంగతి. డెంగీ జ్వరంలో మూడో రోజు నుండి ఏడో రోజులోపు జ్వరం దిగిపోతుంది. ఇంటిల్లిపాది సంతోషిస్తారు. నిజానికి కొందరికి ప్రమాదం మొదలయ్యేది ఆ గంటల్లోనే. థర్మామీటరు 98.6 చూపిస్తున్నా రోగికి కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, కాళ్లు చేతులు చల్లబడటం, మూత్రం తగ్గడం, మత్తుగా ఉండటం కనబడితే థర్మామీటరు మాట వినవద్దు. ప్లేట్‌లెట్ల లెక్క కోసం కూడా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే రండి. జ్వరానికి ఇష్టం వచ్చిన నొప్పి మాత్రలు వాడకండి. డెంగీ ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఆ చిన్న బటన్ బ్యాటరీ గురించి ఒక మాట. పిల్లవాడు మింగాడని అనుమానం కలిగినా చాలు, అరటిపండు పెట్టి "దానంతటదే బయటికి వస్తుందిలే" అనుకోవద్దు. అన్నవాహికలో చిక్కుకుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు.

నుదుటి మీద గన్ను

ఇది ఒంటి నుండి వెలువడే పరారుణ కిరణాలను పట్టుకొని లెక్క కడుతుంది. ఇది కిరణాన్ని లోపలికి పంపదు, మెదడుకు హాని అనే పుకారు ఉత్తదే. కాని అది చూసేది చర్మం పైవేడి. ఎండలోనుండి వచ్చినవాడి నుదురు ఎక్కువ చూపుతుంది, చెమట పట్టిన నుదురు, ఏసీ గదిలో కూర్చున్నవాడి నుదురు తక్కువ చూపుతుంది. నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి, నుదురు తుడిచి, డబ్బా మీద రాసిన దూరం నుండి చూడాలి. చాలావాటికి ఒంటికి ఒక సెట్టింగు, వస్తువులకు ఇంకొకటి ఉంటాయి. పాలగిన్నె కోసం మార్చి, తిరిగి మార్చడం మరచిపోతే అందరికీ 93, 94 చూపిస్తుంది. గన్నులో జ్వరం కనబడినా, కనబడకపోయినా మనిషి నలతగా ఉన్నా, చంకలో పెట్టి మళ్లీ చూడటమే మా వార్డు పద్ధతి.

ఫ్యాక్టరీల్లో, కరెంటు పనివారి దగ్గర ఎర్రచుక్క పడే గన్ను వేరే ఉంది. దాన్ని మనుషుల జ్వరానికి వాడవద్దు, అందులో రెండు డిగ్రీల సెంటీగ్రేడ్ తేడా మామూలే. ఆ ఎర్రచుక్క గురి చూపించడానికే, కొలిచేది అది కాదు. కంట్లో పడనివ్వకూడదు. ఆ చుక్క ఎంత చిన్నదైనా గన్ను చూసే చోటు పెద్దది. 12కు 1 అని రాసి ఉంటే, పన్నెండు అంగుళాల దూరం నుండి ఒక అంగుళం వెడల్పు చోటును కలిపి చూస్తుంది. మెరిసే స్టీలు గిన్నెను కొలిస్తే తప్పు చూపుతుంది. గిన్నె మరుగుతున్నా అంకె తక్కువ రావచ్చు, అది చూసి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మా కరెంటు పనివారు ఈ గన్నుతో ప్యానెల్ బోర్డులో స్క్రూలు చూస్తారు. మూడు వైర్లలో ఒకటి మాత్రమే వేడిగా ఉంటే అక్కడ బిగింపు వదులైందని తెలుస్తుంది. మంటలు రాకముందే దొరికే గుర్తు అది.

ఫ్రిజ్‌లో థర్మామీటరు

టీకాల గదిలో 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉంచి, రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాస్తాం. సెలవు రోజు కూడా. ఇన్సులిన్ వాడేవారికి ఇదే అంకె. తెరవని సీసాలు 2 నుండి 8 మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో, ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టవద్దు. ఒక్కసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడుతుంది గాని పనిచేయదు. షుగరు తగ్గడం లేదని డోసు పెంచుకుంటూ పోతారు. పారవేయడమే దానికి మార్గం. వాడుతున్న సీసాను 30 డిగ్రీలు దాటని చోట సాధారణంగా నాలుగు వారాలు బయట ఉంచవచ్చు. మీది ఏ రకమో కాగితం చూసి నిర్ధారించుకోండి. మన వేసవిలో 45 డిగ్రీలు కాసే ఊళ్లలో అది కష్టం. ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి మూత వేస్తారు. మంచి పద్ధతి. లోపల ఒక చిన్న థర్మామీటరు వేసి చూసుకుంటే ఇంకా మంచిది.

ఆ థర్మామీటరు నిజం చెబుతోందా లేదా చూసే ఉపాయం సులువైనది. గ్లాసులో నలగగొట్టిన ఐసు నిండా వేసి, కాస్త నీళ్లు పోసి, కలిపి, అందులో దాన్ని ఐదు నిమిషాలు ఉంచండి. సున్నా చూపాలి. మూడు చూపితే, అది ఎప్పుడూ మూడు ఎక్కువ చెబుతోందని అర్థం. ఈ పరీక్ష ఫ్రిజ్ థర్మామీటర్లకే, జ్వరం చూసేవాటికి కాదు.

ఇక టెస్టర్

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. పొడి చర్మం దాన్ని కొంత అడ్డుకుంటుంది. తడి చెయ్యి, తడి నేల, చెప్పులు లేని కాళ్లు అయితే ఆ అడ్డు బాగా తగ్గిపోతుంది. గుండె గుండా 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లు పోయినా లయ తప్పి ఆగిపోవచ్చు. పది పదిహేను మిల్లీ ఆంపియర్లకే చెయ్యి బిగుసుకొని వదలలేని స్థితి వస్తుంది. మా క్యాజువాలిటీకి వచ్చే షాకు కేసుల్లో ఎక్కువ భాగం ఇవే: ఎండాకాలం కూలరులో నీళ్లు పోస్తూ, బకెట్‌లో హీటర్ రాడ్ ఉండగానే నీళ్లు చూస్తూ, పొలంలో మోటారు స్టార్టరు ముట్టుకొని, బట్టలు ఆరవేసే ఇనుప తీగకు సర్వీసు వైరు తగిలి. చివరిదానిలో తల్లిని పట్టుకోబోయి బిడ్డ, ఇద్దరినీ లాగబోయి తండ్రి పోతారు. ఇంటి ముందు ఇనుప తీగ ఉంటే ఇవాళే తీసి ప్లాస్టిక్ తాడు కట్టండి. దీనికి ఏ పరికరమూ అక్కరలేదు.

స్క్రూడ్రైవర్ లాంటి టెస్టర్‌లో చిన్న నియాన్ బల్బు, దాని పక్కన ఎక్కువ నిరోధం గల చిన్న ముక్క ఉంటాయి. మొనను ఫేజుకు తగిలించి వెనక టోపీ మీద వేలు పెడితే, మనకు తెలియనంత కొద్ది కరెంటు మన ఒంటి గుండా నేలకు పోయి బల్బు వెలుగుతుంది. అంటే ఆ పరీక్షలో మనమూ ఒక వైరే. తడి చేతులతో, లోపల తేమ చేరిన టెస్టర్‌తో, బజారులో దొరికే అతి చౌకదానితో ఈ పని చేయరాదు.

వెలిగితే కరెంటు ఉంది. వెలగకపోతే కరెంటు లేదు అని మాత్రం కాదు. బల్బు మాడి ఉండవచ్చు, ఎండ వెలుగులో కనబడకపోవచ్చు, ఎండిన చెక్క బల్ల మీద నిలబడితే వెలుగు మందగించవచ్చు. అందుకే మంచి ఎలక్ట్రీషియన్ మూడుసార్లు చూస్తాడు: ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో, తరువాత పని చేయవలసిన చోట, మళ్లీ మొదటి ప్లగ్గులో. మీ ఇంటికి వచ్చినవాడు ఒకేసారి చూసి చెయ్యి పెడుతుంటే ఆపి చెప్పండి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనీయండి.

స్విచ్చి ఆపినా హోల్డరులో టెస్టర్ వెలిగితే స్విచ్చిని ఫేజుకు కాక న్యూట్రల్‌కు వేశారని అనుమానించాలి. ఆ ఇంట్లో బల్బు మార్చాలంటే మెయిన్ ఆపాల్సిందే. ఫ్రిజ్, గ్రైండరు, వాషింగ్ మెషీన్ ఒంటి మీద టెస్టర్ వెలిగితే ఎర్తింగ్ లేదనో, లోపల లీకు ఉందనో గుర్తు. ఎంత ప్రమాదమో టెస్టర్ చెప్పలేదు. ప్లగ్గు తీసివేసి మనిషిని పిలిపించండి. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎర్తుది. అది పొడవు కూడా, ముందుగా తగలాలని అలా చేశారు. దాన్ని విరగగొట్టి రెండు పిన్నుల సాకెట్లో పెట్టేవారిని వార్డుల్లోనే చూస్తుంటాం, సెల్‌ఫోను ఛార్జర్ల కోసం. మంచాల పక్క ప్లగ్గులు రోగి మెషీన్ల కోసం, దయచేసి వాటిని వదిలివేయండి.

మల్టీమీటరు కొనుక్కున్న యువకులకు మూడు మాటలు. వోల్టులు చూసేటప్పుడు ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉంటే ప్లగ్గులో పెట్టిన క్షణమే షార్టు అయి మీటరు చేతిలో పేలవచ్చు. ప్లగ్గు దగ్గర వాడే మీటరు మీద కనీసం క్యాట్ 2, ప్యానెల్ బోర్డుకు క్యాట్ 3 అని రాసి ఉండాలి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 230, ఫేజుకు ఎర్తుకు మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. ఏ 90, 110 వంటి మధ్య అంకె వచ్చినా ఎర్తు వైరు ఎక్కడో తెగి ఉండవచ్చు. 230 వచ్చినంత మాత్రాన ఎర్తు గట్టిదని కాదు, మీటరు చాలా కొద్ది కరెంటే తీసుకుంటుంది గనుక సన్నని పోగు మిగిలినా అంకె సరిగానే వస్తుంది. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చూడవలసిన పని. ఎండాకాలం ఎర్తు గొయ్యిలో నీళ్లు పోయడం మాత్రం మీరు చేయవచ్చు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకొని, దాని మీది టెస్టు బటన్ నెలకొకసారి నొక్కండి. నొక్కినప్పుడు కరెంటు పోకపోతే అది పనిచేయడం లేదు.

మైకులు, బాప్తిస్మపు తొట్టి

సంఘ పెద్దలు ఈ భాగం చదవాలని కోరుతున్నాను. 2005 అక్టోబరు 30న, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని వేకో పట్టణంలో, యూనివర్సిటీ బాప్టిస్ట్ చర్చి పాస్టరు కైల్ లేక్ బాప్తిస్మపు తొట్టిలో నిలబడి మైకును అందుకోగానే విద్యుద్ఘాతానికి గురై మరణించారు. ఆయనకు 33 ఏళ్లు. ఆదివారం ఆరాధన, నిండు సంఘం. మన పల్లెల్లో బహిరంగ సభల దగ్గర జనరేటరు, తడి నేల, టేపు చుట్టిన వైర్లు, ఎర్తు లేని యాంప్లిఫయరు. మైకు పెదవికి తగిలి చురుక్కుమన్నదని పాస్టరుగార్లు నవ్వుతూ చెబుతుంటారు. ఆ చురుకు హెచ్చరిక. తొట్టిలో దిగే రోజున వైరు మైకు నీళ్లకు అందే దూరంలో ఉండకూడదు. ఒడ్డున పొడి నేల మీద వేరొకరు బ్యాటరీ మైకు పట్టుకోవచ్చు. నీళ్లు తోడే మోటారుకు ప్లగ్గు తీసిన తరువాతే మనుషులు దిగాలి. సభకు ముందు ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో మైకు ఒంటికి, నేలకు మధ్య వోల్టులు కొలవాలి. సున్నా దగ్గర కాక పదుల్లో అంకె వస్తే ఆ సెట్టు కట్టివేయాలి. క్రిస్మస్ నక్షత్రాల సీరియల్ బల్బులను ఇనుప స్తంభాలకు చుట్టే యవ్వనస్థులకు కూడా ఇదే మాట.

ఎవరికైనా షాకు తగిలితే ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో వైరును తొలగించండి. అది స్తంభం మీది హైటెన్షన్ వైరు అయితే కర్ర కూడా వద్దు, దూరంగా ఉండి కరెంటు ఆఫీసుకు ఫోను చేయించండి. విడిపించాక ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండు అంగుళాలు దిగేలా, అంబులెన్సు వచ్చేదాకా నొక్కండి. మట్టిలో పాతిపెట్టడం వంటివి చేసి సమయం పోగొట్టవద్దు. లేచి కూర్చొని బాగానే ఉన్నానన్నా, స్పృహ తప్పినవారికి, గుండె దడ ఉన్నవారికి, గర్భిణీలకు ఈసీజీ తీయించాలి. చర్మం మీద కాలిన మచ్చ చిన్నదైనా లోపలి కండరం ఎక్కువ కాలి ఉండవచ్చు. మూత్రం టీ రంగులో వస్తే వెంటనే చెప్పండి.

ఓపీకి వచ్చినప్పుడు మీ ఇంటి థర్మామీటరు వెంట తెచ్చుకోండి. పిల్లల వార్డు సిస్టర్‌ను అడిగితే మా థర్మామీటరుతో పోల్చి ఎంత తేడా ఉందో చిన్న కాగితం మీద రాసి దాని డబ్బాలో పెట్టి ఇస్తారు. ఫ్రిజ్ థర్మామీటరైతే ఐసు గ్లాసు కూడా వారే తెప్పిస్తారు. దీనికి రుసుము లేదు.